రాయి పోయింది... గొట్టం మిగిలింది!

కిడ్నీ రాయి ఆపరేషన్‌లో పెట్టిన డీజే స్టెంటును గడువుకు తీయించుకోకపోతే మూత్రపిండానికే ముప్పు

అనంతపురం: నడుము పక్క నుంచి గజ్జల దాకా మెలిపెట్టే నొప్పి. వాంతులు. కూర్చుంటే ఓర్వలేరు, పడుకుంటే ఓర్వలేరు. ఎండలో వేరుశనగ చేలల్లో, బేల్దారి పనుల్లో ఒళ్ళు వంచే అనంతపురం జిల్లా జనానికి కిడ్నీ రాయి నొప్పి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ నొప్పి వస్తే ఎవరూ ఆగరు. అప్పో సప్పో చేసి, అర్ధరాత్రయినా ఆటో కట్టించుకుని ఆసుపత్రికి పరుగెత్తుతారు.

ఆలస్యమంతా నొప్పి పోయిన తరువాతే మొదలవుతుంది. రాయి తీసిన డాక్టరు లోపల ఒక సన్నని గొట్టం పెట్టి, ఫలానా రోజున వచ్చి తీయించుకోమని చెప్పి పంపుతాడు. రోగి ఇంటికి వస్తాడు. నొప్పి లేదు. పనులు ముంచుకొస్తాయి. వారాలు నెలలవుతాయి, నెలలు సంవత్సరాలవుతాయి. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, ఓడ దాటాక బోడి మల్లయ్య అన్నట్టు గొట్టం సంగతి మరుగున పడుతుంది. ఆ గొట్టం మాత్రం లోపల ఊరికే ఉండదు. దాని చుట్టూ మళ్ళీ రాయి పేరుకుంటుంది. రాయి నుంచి కాపాడుకున్న కిడ్నీ గొట్టం మూలంగా పోయే పరిస్థితి వస్తుంది. ఇలా మరిచిపోయిన స్టెంట్లను తీయడం యూరాలజీ వైద్యులకు ఒక ప్రత్యేకమైన, కష్టమైన పనిగా తయారైంది.

ఏమిటీ గొట్టం?

మనిషికి రెండు మూత్రపిండాలు. ఒక్కొక్క దాని నుంచి మూత్రాశయానికి ఒక సన్నని నాళం దిగుతుంది. దాని పొడవు సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్లు, అంటే దాదాపు అడుగు. లోపలి సందు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. కిడ్నీలో పుట్టిన రాయి ఈ నాళంలోకి జారి ఇరుక్కున్నప్పుడే భరించలేని నొప్పి వస్తుంది.

నాళంలోకి సన్నని దుర్భిణీ పంపి, లేజరుతో రాయిని పొడిచేసి తీసిన తరువాత లోపలి గోడ వాస్తుంది. ఆ వాపుతో దారి మూసుకుపోవచ్చు. మిగిలిన రాతి పొడి, రక్తపు గడ్డలు అడ్డుపడవచ్చు. మూత్రం వెనక్కు నిలిచిపోతే కిడ్నీ ఉబ్బుతుంది, చీము పట్టవచ్చు. అలా జరగకుండా దారి తెరిచి ఉంచడానికే ఈ గొట్టం.

ఇది మెత్తని ప్లాస్టిక్ వంటి పదార్థంతో చేసింది. లావు సుమారు రెండు మిల్లీమీటర్లు. పై కొస కిడ్నీలో, కింది కొస మూత్రాశయంలో చుట్టుకుని ఉంటాయి. జారిపోకుండా ఉండడానికే ఆ చుట్ట. రెండు కొసలూ ఇంగ్లీషు ‘జె’ అక్షరంలా వంగి ఉండడం వల్ల దీనికి డబుల్ జె అని పేరు వచ్చింది. పొట్టిగా డీజే స్టెంటు అంటారు. ఈ రకం గొట్టం గురించి 1978లో అమెరికా వైద్యుడు రాయ్ ఫిన్నీ వైద్య పత్రికలో ప్రకటించాడు. అప్పటి నుంచి ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది.

రాళ్ళకే కాదు, ఇతర సందర్భాలలో కూడా దీనిని పెడతారు. చీము పట్టిన కిడ్నీని అత్యవసరంగా ఖాళీ చేయడానికి, గర్భిణులకు మూత్రనాళం మూసుకుపోయినప్పుడు, గర్భసంచి ఆపరేషన్‌లో నాళానికి దెబ్బ తగిలినప్పుడు, కిడ్నీ మార్పిడి చేసినప్పుడు ఇది అవసరమవుతుంది.

కోత తగ్గింది, జాగ్రత్త కూడా తగ్గింది

వెనుకటి రోజుల్లో కిడ్నీ రాయి అంటే పక్కటెముకల కింద జానెడు కోత కోసేవారు. రోజుల తరబడి ఆసుపత్రి మంచం, నెలల తరబడి ఇంట్లో విశ్రాంతి. 1976లో స్వీడన్ వైద్యులు వీపు మీద చిన్న రంధ్రం చేసి రాయి తీసే పద్ధతిని ప్రకటించారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో, కోత లేకుండా బయటి నుంచి తరంగాలతో రాయిని పగలగొట్టే చికిత్సను మొదటిసారి మనిషికి చేశారు. ఆ తరువాత సన్నని దుర్భిణీలు, లేజరు వచ్చాయి. ఈనాడు చాలామంది రోగులు రెండు మూడు రోజులలోనే ఇంటికి వెళ్ళగలుగుతున్నారు.

2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు తొలి విడతలో చేరిన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. మిగిలిన రెండు మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. పథకం పేరు తరువాత పలుమార్లు మారినా ఊళ్ళలో మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు. కిడ్నీ రాళ్ళ ఆపరేషన్లు దాని కిందికి రావడంతో పేదవాడికి కూడా ఈ వైద్యం అందుబాటులోకి వచ్చింది.

ఇది మంచి పరిణామమే. అయితే దీనికి మరొక పక్క ఉంది. జానెడు కోత ఉన్న మనిషి తనకు ఆపరేషన్ అయిందన్న సంగతి మరువడు, కుట్లు విప్పించుకోవడానికైనా మళ్ళీ వస్తాడు. పైకి గాయమే లేని మనిషికి వైద్యం ఇంకా పూర్తి కాలేదని గుర్తు చేసేది ఏదీ ఉండదు. గొట్టం కంటికి కనపడదు, చేతికి తగలదు.

గుండె స్టెంటు వేరు, ఇది వేరు

పల్లెల్లో మరొక పొరపాటు అభిప్రాయం కూడా ఉంది. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు ఇప్పుడు చాలా ఊళ్ళలో ఉన్నారు. అది లోహంతో చేసిన జల్లెడ వంటిది. ఒకసారి వేస్తే జీవితాంతం లోపలే ఉంటుంది. దానిని తీయరు. కిడ్నీ రాయికి వేసినదాన్ని కూడా స్టెంటు అనే అంటారు కనుక, ఇది కూడా అలాగే ఉండిపోయేదేనని కొందరు అనుకుంటారు.

అది సరికాదు. డీజే స్టెంటు తాత్కాలికం. మామూలు రాయి ఆపరేషన్ అయితే సాధారణంగా ఒకటి రెండు వారాల నుంచి నాలుగైదు వారాలలోపు తీసేస్తారు. ఎంత గడువు అన్నది రోగి పరిస్థితిని బట్టి డాక్టరు నిర్ణయిస్తాడు. నాళం కుంచించుకుపోవడం, కేన్సర్ గడ్డ నొక్కడం వంటి కారణాలతో ఎక్కువ కాలం అవసరమైన వారికి కూడా పాతది అలాగే వదిలేయరు. రకాన్ని బట్టి మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి తీసి కొత్తది వేస్తారు. కొన్ని ప్రత్యేకమైన రకాలకు ఏడాది దాకా గడువు ఉంటుంది. గడువు లేని డీజే స్టెంటు మాత్రం లేదు.

మామూలు బాధ ఏది? ప్రమాదం ఏది?

గొట్టం లోపల ఉన్నన్నాళ్ళు కొంత ఇబ్బంది తప్పదు. పదిమందిలో ఎనిమిదిమంది దాకా ఏదో ఒక బాధ చెబుతారు. మాటిమాటికీ మూత్రం రావడం, ఆపుకోలేకపోవడం, మంట, పొత్తికడుపులో పోటు సాధారణం. మూత్రం పోసేటప్పుడు నడుము పక్క కలుక్కుమంటుంది. మూత్రాశయం ముడుచుకున్నప్పుడు గొట్టం గుండా మూత్రం కొంత పైకి ఎక్కడమే దీనికి కారణం. బరువు మోసినా, ఎక్కువ తిరిగినా మూత్రం ఎర్రగా రావచ్చు. విశ్రాంతి తీసుకుని నీళ్ళు బాగా తాగితే తేటపడుతుంది. ఈ బాధలు తగ్గడానికి మందులున్నాయి. డాక్టరుతో చెబితే రాసిస్తారు. గొట్టం తీయగానే చాలామందికి ఇవి పోతాయి.

ఈ కింది లక్షణాలు కనిపిస్తే మాత్రం గడువు తేదీ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

చలి, వణుకుతో జ్వరం రావడం. మూత్రం పూర్తిగా బంద్ కావడం. రక్తం గడ్డలు గడ్డలుగా పడడం, లేదా నీళ్ళు తాగినా ఎరుపు తగ్గకపోవడం. మందు వేసుకున్నా తగ్గని నొప్పి, ఆగని వాంతులు. ఉన్నట్టుండి మూత్రం నిరంతరాయంగా కారిపోవడం. ఈ చివరిది గొట్టం కిందికి జారినప్పుడు జరుగుతుంది.

వీటిలో చలిజ్వరం అన్నిటికన్నా ప్రమాదకరం. గొట్టం పూడుకుపోయి కిడ్నీలో చీము పడితే ఆ విషం గంటలలో రక్తంలోకి ఎక్కి ప్రాణం మీదికి రావచ్చు. అటువంటప్పుడు ఊళ్ళో సూది వేయించుకుని చూద్దామనడం తగదు. 108కి ఫోన్ చేయాలి. లోపల స్టెంటు ఉందని ముందుగానే చెప్పాలి. ఆసుపత్రిలో యాంటీబయాటిక్ మందులు ఇస్తూనే, మూసుకున్న గొట్టం మార్చడమో, వీపు వైపు నుంచి నేరుగా కిడ్నీలోకి వేరే గొట్టం వేసి చీము దించడమో చేస్తారు. దారి తెరవకుండా మందులు మాత్రమే ఇస్తే సరిపోదు. షుగరు ఉన్నవారు, గర్భిణులు, ఒకే కిడ్నీతో ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

డ్రిప్పు పైపుకు ఉప్పు పట్టినట్టు...

బోరు నీళ్ళు పారించే డ్రిప్పు పైపుల రంధ్రాలు ఉప్పు పట్టి మూసుకుపోవడం ఈ జిల్లా రైతులకు కొత్త కాదు. అప్పుడప్పుడు యాసిడ్ పారించి శుభ్రం చేయకపోతే చెట్టుకు చుక్క నీరందదు. స్టెంటు విషయంలోనూ ఇదే జరుగుతుంది. మూత్రంలో సున్నం వంటి లవణాలు కరిగి ఉంటాయి. పరాయి వస్తువు దొరకగానే దాని మీద పొరలు పొరలుగా పేరుకుంటాయి. రాళ్ళు పుట్టే శరీరతత్వం ఉన్నవారిలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. డ్రిప్పు పైపుకైతే యాసిడ్ ఉంది. ఒంట్లో ఉన్న గొట్టానికి ఆ ఉపాయం లేదు.

సౌదీ అరేబియాలోని రియాద్ వైద్యులు 1991లో ప్రచురించిన పరిశీలనలో ఈ సంగతి స్పష్టంగా తేలింది. రాళ్ళ రోగులలో ఆరు వారాల లోపు తీసిన గొట్టాలలో 100కు సుమారు 9 వాటికి లవణాలు పట్టాయి. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య తీసిన వాటిలో ఆ సంఖ్య 47 దాటింది. అంతకన్నా ఆలస్యమైన వాటిలో 76కు చేరింది. అంటే మూడు నెలలు దాటితే నాలుగింట మూడు వంతుల గొట్టాలకు పూత పట్టినట్టే.

కాలం గడిచేకొద్దీ గొట్టం పెళుసెక్కుతుంది. ముక్కలు కావచ్చు కూడా. పై చుట్ట చుట్టూ కిడ్నీలో, కింది చుట్ట చుట్టూ మూత్రాశయంలో రాళ్ళు పెరుగుతాయి. దారి మెల్లమెల్లగా మూసుకుపోతుంది. ఉన్నట్టుండి ఇరుక్కున్న రాయి నొప్పి పెడుతుంది. మెల్లగా మూసుకుపోయే కిడ్నీ చాలాసార్లు నొప్పి లేకుండానే పాడవుతుంది. అందుకే ‘నొప్పి లేదు కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఎందుకు మరిచిపోతున్నారు?

తప్పంతా రోగిదే అనడానికి వీలులేదు. వానలు మొహం చాటేసిన ఏడు ఈ జిల్లా పల్లెల నుంచి కుటుంబాలు బెంగళూరుకో, కేరళకో వలస పోవడం పరిపాటి. ఆపరేషన్ ఒక ఊళ్ళో, పని మరొక ఊళ్ళో. గొట్టం తీయించుకోవడానికి రావాలంటే దారి ఖర్చు, రెండు రోజుల కూలి పోతాయి. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. అందులో ఒక మూల రాసిన గడువును చదివి చెప్పేవారుండరు. ఆపరేషన్ హడావుడిలో చెప్పిన మాట రోగి చెవిన పడదు. తోడు వచ్చిన బావమరిదికి చెబితే ఆ మాట ఇంటి దాకా చేరదు. మళ్ళీ ఆపరేషన్ చేస్తారేమోనన్న భయం కొందరిది. తీయడానికి ఎంత అడుగుతారోనన్న దిగులు మరికొందరిది.

ఆసుపత్రుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. గొట్టం వేసిన ప్రతి రోగి పేరు, గడువు తేదీ, ఫోన్ నంబరు ఒక రిజిస్టరులో రాసుకుని, తేదీ దాటిన వారికి కబురు చేయడం మేలైన పద్ధతి. కొన్ని ఆసుపత్రులలో ఇది అమలులో ఉంది. అన్నిచోట్లా ఉంటే ఈ ముప్పు చాలా వరకు తప్పుతుంది. పంపేటప్పుడు ఎక్స్‌రే చూపించి ‘ఇదిగో, ఇది నీ లోపల ఉంది’ అని తెలుగులో చెప్పడానికి పట్టేది రెండు నిమిషాలు.

తీయడం నిమిషాల పని

గడువులో వస్తే గొట్టం తీయడం పెద్ద పనేమీ కాదు. కోత ఉండదు, కుట్లు ఉండవు. మూత్రమార్గంలో తిమ్మిరెక్కించే జెల్లీ వేసి, సన్నని దుర్భిణీ పంపి, గొట్టం కొసను చిన్న పట్టకారుతో పట్టి బయటికి లాగుతారు. కొద్ది నిమిషాలలో అయిపోతుంది. చాలామంది పెద్దవాళ్ళు అదే రోజు బస్సెక్కి ఇంటికి వస్తారు. ఆడవారికి మూత్రమార్గం పొట్టిది కనుక మరింత సులభం. పిల్లలకు మాత్రం మత్తు ఇస్తారు. ఒకటి రెండు రోజులు మంట, కొద్దిగా ఎర్రని మూత్రం ఉండవచ్చు.

ఏళ్ళు గడిచాక వచ్చినవారి సంగతి వేరు. ముందు ఎక్స్‌రే, స్కానింగు తీస్తారు. రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. ఏ కిడ్నీ ఎంత పనిచేస్తున్నదో తెలుసుకుంటారు. చీము ఉంటే ముందు దానిని తగ్గిస్తారు. ఆ తరువాత కింది కొస చుట్టూ ఉన్న రాయిని మూత్రాశయంలో పగలగొడతారు. నాళంలోని పూతను లేజరుతో తొలుస్తారు. పై కొస రాయిని వీపు వైపు నుంచి రంధ్రం చేసి తీస్తారు. కొందరికి ఇవన్నీ ఒక్కసారిగా కుదరవు. రెండు మూడు విడతలు పడుతుంది. అరుదుగా పాతకాలపు పెద్ద కోత కూడా తప్పదు. అప్పటికే కిడ్నీ పూర్తిగా చచ్చిపోయి ఉంటే దానిని తీసివేయవలసి వస్తుంది. రెండవ కిడ్నీ బాగుంటే మనిషి బతుకుతాడు. అదీ దెబ్బతిని ఉంటే డయాలసిస్ తప్ప దారి లేదు.

పూత పట్టిన గొట్టాన్ని బలవంతంగా లాగితే అది తెగిపోవచ్చు, నాళమే చిరిగిపోవచ్చు. అందువల్ల ఆలస్యమైన కేసు ఏదైనా యూరాలజీ నిపుణుడున్న ఆసుపత్రిలోనే చూపించుకోవాలి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, తిరుపతి స్విమ్స్, హైదరాబాద్‌లోని నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలో ఈ విభాగం ఉంది.

అనుమానం ఉంటే ఒక్క ఎక్స్‌రే

గతంలో కిడ్నీ రాయికి ఆపరేషన్ అయి, గొట్టం తీశారో లేదో గుర్తులేనివారు కంగారు పడనక్కరలేదు. డీజే స్టెంటు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తుంది. కడుపు భాగానికి తీసే కెయుబి అనే మామూలు ఎక్స్‌రే చాలు. గర్భిణులకు ఎక్స్‌రే బదులు స్కానింగు చేస్తారు. ఇంట్లో పాత కాగితాలుంటే వాటిని ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చూపించి, ‘డీజే స్టెంటు’ అన్న మాట ఉందేమో చదివించుకోవాలి. ఆలస్యం చేశామని డాక్టరు తిడతాడేమోనన్న సిగ్గుతో ఇంకా ఆలస్యం చేయడం తెలివిగల పని కాదు. ఆరు నెలలు దాటిన గొట్టం ఆరేళ్ళు దాటిన గొట్టం కన్నా సులభంగా వస్తుంది.

ఇక కొత్తగా ఆపరేషన్ చేయించుకుంటున్నవారు డిశ్చార్జి రోజున ఈ నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవాలి.

1. లోపల గొట్టం పెట్టారా? ఒకవైపా, రెండువైపులా?

2. ఏ తేదీన తీయాలి? ఆ తేదీని కాగితం మీద తెలుగులో రాయించుకోవాలి.

3. తీయడానికి ఖర్చు పథకం కిందికి వస్తుందా, చేతి నుంచి పెట్టుకోవాలా? ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

4. వలస వెళ్ళిన ఊళ్ళో తీయించుకోవచ్చా? అందుకు ఏ కాగితాలు చూపాలి?

ఆ తేదీని ఇంట్లో గోడ మీది క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో చుట్టి పెట్టాలి. రోగికి ఒక్కడికే తెలిస్తే చాలదు. భార్యకు, చేతికి ఎదిగిన కొడుక్కో కూతురికో కూడా తెలియాలి. గొట్టం ఉన్నన్నాళ్ళు మూత్రం తేటగా వచ్చేటంత నీళ్ళు తాగాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. సొంతంగా మాత్రలు ఆపకూడదు.

రెండు రోజుల కూలి పోతుందని ఆగితే ఒక కిడ్నీ పోవచ్చు. రాయి ఆపరేషన్ చేయించుకున్న మనిషి మీ ఇంట్లోనో, పక్క ఇంట్లోనో ఉంటే ‘గొట్టం తీయించుకున్నావా?’ అని ఈరోజే ఒక మాట అడగండి.